షుగర్ ఎండిన ఆదివారం

కరోనా సద్దుమణిగిన రెండో ఏడు. యాసంగి వరి పొట్టకొచ్చే రోజులు. వరంగల్ పక్కన మడికొండలో నా క్లినిక్. పొద్దున పూట చుట్టుపక్కల ఊళ్ల నుంచి రైతులూ కూలీలూ వస్తారు. సాయంత్రం ఐటీ పార్కు పిల్లలు మెడనొప్పులు మోసుకుని వస్తారు. నేను ఫ్యామిలీ డాక్టర్ని. ఒకే ఇంట్లో తాత బీపీ, కోడలి రక్తహీనత, మనవడి గజ్జి అన్నీ నేనే చూస్తాను. ఏ ఒక్క అవయవానికీ స్పెషలిస్టును కాను.

ఈ చివరి ముక్క ఇప్పుడు తేలిగ్గా అనేశాను గానీ ఏళ్ల తరబడి అది నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. పెళ్లికి పోతే చాలు, పక్కన కూర్చున్న ఏ పిన్నో అడిగేది: "దేనికి డాక్టర్‌వు బిడ్డా? గుండెకా, కండ్లకా?" అన్నింటికీ అంటే, "ఉత్త ఎంబీబీఎస్సేనా మరి" అని జాలిగా పెరుగన్నంలోకి చూసుకునేది. ఆ చూపు నాకు అరిగేది కాదు. నాది అసలే నిలకడ లేని ఒళ్లు. పేషెంట్ బట్టలు సర్దుకునేలోపు నేను గదిలో రెండు చుట్లు తిరిగేస్తాను.

ఫ్యామిలీ డాక్టర్ల సంఘం ఒకటి ఏటా కొందరికి ఫెలోషిప్ ఇస్తుంది. అది డిగ్రీ కాదు. ఏళ్లుగా చేస్తున్న వైద్యాన్ని తోటి డాక్టర్లే పరీక్షించి, ఈ పని నిలబడే పని అని ఒప్పుకుని ఇచ్చే గౌరవం. చూసిన కేసులు రాసి పంపాలి. ఆఖరున వైవా, అంటే పెద్ద డాక్టర్ల ముందు కూర్చుని నోటితో జవాబులు చెప్పాలి. కరోనా పుణ్యమా అని నా వైవా ఒకసారి వాయిదా పడింది. ఈసారి హైదరాబాద్‌లో, ఆదివారం అన్నారు. ఇది తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి.

ఆ ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చీర కట్టుకుని, కాలు గాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతుంటే మా అమ్మ అడిగింది.

"మందిరానికి రాకుండ ఎటు పోతానవ్?"

"ఫెలోషిప్‌కు పోతున్ననమ్మా."

"ఫెలోషిప్ మన మందిరంలనే గదా. దానికి హైదరాబాద్ దాక ఎందుకు?"

మా క్రైస్తవ సంఘంలో ఫెలోషిప్ అంటే సహవాసం. విశ్వాసులు నలుగురూ ఒకచోట చేరి పాడుకుని, ప్రార్థన చేసుకుని, చాయ్ తాగి పోవడం. ఇది వేరే, డాక్టర్లది అని చెప్పాను. "డాక్టర్లు సుత సహవాసం చేసుకుంటాండ్రా, మంచిదే" అని నా తల మీద చేయి పెట్టి ప్రార్థన చేసింది. దిద్దే ఓపిక నాకు లేదు. బండి టైం అవుతోంది.

కాజీపేటలో రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కాగితాలు తీస్తాను, మూస్తాను. చదివింది ఒక్క ముక్క గుర్తుండదు. అప్పుడు ఫోన్‌కు వాయిస్ మెసేజ్ వచ్చింది. కొమురమ్మ.

కొమురమ్మ భర్త ఐలయ్య నాకు పాత పేషెంట్. స్టేషన్ ఘన్‌పూర్ అవతల ఒక చిన్న ఊరు వాళ్లది, వరి రైతులు. ఐలయ్య షుగర్ ఎన్నేళ్లయినా దారికి రాదు. వచ్చినప్పుడల్లా "తగ్గాలె పెద్దనాయనా, తగ్గాలె" అని నేను కేకలేస్తాను. ఆయన నవ్వి, "తగ్గుతది తియ్యి బిడ్డా, ఫికర్ జెయ్యకు" అంటాడు. అంతకు ముందు వారమే గ్లిమిపిరైడ్ అనే గోలి కొత్తగా మొదలుపెట్టాను. ఆ గోలి ఒంట్లో ఇన్సులిన్‌ను పిండి తీయిస్తుంది. మనిషి తిన్నాడా, పస్తున్నాడా అన్నది దానికి పట్టదు. వేసుకోగానే తినాలని, ఒక్కరోజు కూడా గోలి మానొద్దని చెప్పాను. ఇంట్లోనే మిషన్‌తో షుగర్ చూసి నాకు మెసేజ్ పెట్టమని కొమురమ్మకు అప్పజెప్పాను. ఆదివారం హైదరాబాద్‌లో పరీక్షకు పోతున్నానని కూడా చెప్పాను.

మెసేజ్ విన్నాను.

"డాక్టరమ్మా, నేను కొమురమ్మను. మంచి ముచ్చట చెప్తాన్న. మీ పెద్దనాయనకు షుగర్ తగ్గింది. మిషన్ల నలభై ఒకటి చూపెట్టింది. ఎన్నడన్న గింత తగ్గిందా? మల్లన్న దయ, నీ హస్తవాసి. ఇయ్యాల ఒక్కపొద్దు ఉన్నడు. ఒళ్లంత చెమటలు వట్టినయ్, నీరసమో ఏమో, జర పండుకున్నడు. పండుకోనీ అని నేను లేపలే. ఉంటనమ్మా."

ఒక్కపొద్దు అంటే మొక్కుకున్న వారం దేవుడికి పెట్టేదాకా ఏమీ తినకుండా ఉండటం. డాక్టరమ్మ గోలి మానొద్దంది కాబట్టి గోలి వేసుకున్నాడు. మల్లన్నకు మొక్కాడు కాబట్టి తినలేదు. ఇద్దరి మాటా నిలబెట్టాడు మహానుభావుడు. నలభై ఒకటి అంటే మెదడుకు అందాల్సిన చక్కెర అందడం లేదని అర్థం. ఆ నిద్ర నిద్ర కాదు. అలాగే వదిలేస్తే ఫిట్స్ రావచ్చు, మనిషే దక్కకపోవచ్చు.

ఫోన్ చేశాను. రైలు చప్పుడులో సగం మాటలే వినపడుతున్నాయి.

"పెద్దమ్మా, షుగర్ బాగా తగ్గిపోయింది."

"అవునమ్మా, మస్తు తగ్గింది. మా చెల్లెకు సుత ఫోన్ జేసి చెప్పిన."

"అట్ల తగ్గొద్దు!"

"తగ్గొద్దా? నువ్వే గదా తగ్గాలె తగ్గాలె అని కోప్పడ్తివి."

మన భాషలో జ్వరం తగ్గింది అంటే నయమైందని. దగ్గు తగ్గింది, నొప్పి తగ్గింది, వాపు తగ్గింది. తగ్గింది అన్న మాట వినడానికే మనుషులు దవాఖానకు వస్తారు. అలాంటి మాట పట్టుకుని నేను ప్రమాదం చెప్పబోతున్నాను. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లు సంతోషిస్తోంది ఆవిడ.

"షుగర్ పడిపోయింది పెద్దమ్మా!"

"లేదమ్మా, పడిపోలే. మంచంల మంచిగనే పండుకున్నడు."

"లేపు. పలుకుతాండా చూడు."

అడుగుల చప్పుడు. పిలుస్తున్న చప్పుడు. తర్వాత కాస్త తగ్గిన గొంతు. "పలుకుతాండు గని నాలుక మొద్దువడ్డట్టున్నది. బర్రెను కట్టేయమంటాండు. మాకు బర్రెనే లేకపాయె."

"మింగగలిగితే చక్కెర నీళ్లు తాపు. ఇప్పుడే."

"షుగరోనికి చక్కెరనా? ఒక్కపొద్దు సుత చెడుతది. పరీక్ష తొందర్ల ఏం చెప్తానవో ఏమో, జర నిమ్మళంగ చెప్పమ్మా."

నిమ్మళం. ఆ పూట నా దగ్గర లేనిదే అది. కిటికీ బయట మళ్లు పరిగెడుతున్నాయి. బావి పక్కవి పచ్చగా ఉన్నాయి, నీళ్లందని కొసమళ్లు ఎర్రబారి నెర్రెలు విచ్చి ఉన్నాయి.

"ఎండిపోయింది పెద్దమ్మా! ఒంట్లె షుగర్ ఎండిపోయింది. కొసమడి ఎండినట్టు ఎండింది. ఇప్పుడు తడి పెట్టకపోతే పైరు దక్కదు."

అక్కడికి లైన్ తెగింది. మళ్లీ చేస్తే కలవలేదు. ఆ మాట విన్నదో, విన్నా నమ్మిందో తెలియదు. అంతలో రైలు ఘన్‌పూర్‌లో ఆగింది.

తలుపు దగ్గర నిలబడ్డాను. ఇటు దిగితే ఐలయ్య ఊరు, అటు పోతే వైవా. వెనక నుంచి ఎవరో "దిగుతె దిగు, లేకుంటె జరుగమ్మా" అన్నారు. దిగాను. ఏదో గొప్ప త్యాగం చేస్తున్నానని దిగలేదు. చిరాకుతో, అందరినీ తిట్టుకుంటూ, గోలిని, మల్లన్నను, ఫోన్ కంపెనీని తిట్టుకుంటూ దిగాను.

స్టేషన్ బయట మెడికల్ షాపులో డెక్స్‌ట్రోజ్, అంటే నరానికి ఎక్కించే గ్లూకోజ్ మందు, సిరంజిలు తీసుకుని ఆటో ఎక్కాను. ఇస్త్రీ చీర దుమ్ముకొట్టుకుపోయింది.

తీరా పోయి చూస్తే ఐలయ్య మంచంలో లేచి కూర్చుని స్టీలు గ్లాసు పట్టుకుని ఉన్నాడు. మీసాల నిండా బెల్లం పానకం.

"ఎండిందంటివి గదా" అంది కొమురమ్మ. "మల్ల ఊకుంటనా? షుగరోని ఇల్లని చక్కెర తెచ్చుడే బంద్ జేసినం. మల్లన్న నైవేద్యానికి తెచ్చిన బెల్లం ఉంటె కలిపి తాపిన. దేవునికి పెట్టకముందే మనిషికి పెట్టిన. అడిగితె డాక్టరమ్మ చెప్పిందని చెప్త."

"చెప్పు, నా పేరే చెప్పు" అన్నాను. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మిషన్‌తో చూస్తే షుగర్ కాస్త పైకి లేచింది. వెంటనే మనసు గడియారం మీదకు పోయింది. ఇంకో బండి దొరికితే అందుకోవచ్చు. ఆటో ఇంకా వాకిట్లోనే ఉంది.

"నువ్వు పో బిడ్డా" అన్నాడు ఐలయ్య. "నేను మంచిగనే ఉన్న. నా కోసానికి నీ పరీక్ష చెడగొట్టుకోకు."

గడప దాటాను. మళ్లీ వెనక్కి వచ్చాను. ఆ గోలి సంగతి నాకు తెలుసు. పానకం చేసిన మేలు కాసేపే, గోలి పట్టు రోజంతా ఉంటుంది. షుగర్ మళ్లీ జారుతుంది. జారుతుందని తెలిసి కూడా గేటు వైపు చూశాను, అది దాచను. అన్నం పెట్టించాను. నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "కొమురా" అన్నాడు, కళ్లు తేలేశాడు. ఒళ్లంతా చెమట.

ఈసారి మింగే స్థితి లేదు. అట్లాంటప్పుడు నోట్లో ఏది పోసినా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కొమురమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంటే నరం వెతికి డెక్స్‌ట్రోజ్ ఎక్కించాను. ఎక్కిస్తూ ఉండగానే కళ్లు తెరిచాడు. నన్ను చూసి, "ఇంక పోలేదా నువ్వు?" అన్నాడు.

అంబులెన్స్‌లో వరంగల్ దవాఖానకు తీసుకుపోయి, గ్లూకోజ్ బాటిల్ పెట్టించి, డ్యూటీ డాక్టర్‌కు అప్పజెప్పాను. అప్పటికి హైదరాబాద్‌లో వైవాలు ముగిసిపోయాయి. ఫోన్ చేస్తే వచ్చే ఏడు చూసుకోండి డాక్టర్ అన్నారు, మర్యాదగానే. వరండాలో కూర్చుని ఏడ్చాను. మనిషిని బతికించినందుకు సంతోషం లేదా అంటే ఉంది. కోపం కూడా ఉంది. రెండూ ఒక్కసారే ఉంటాయని ఆ రోజు తెలిసింది.

కొమురమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నీ పరీక్ష కోసం నేనొక్క పది వారాలు ఒక్కపొద్దులుంట" అంది.

"వద్దు తల్లీ. నీ కాళ్లు మొక్కుతా, వద్దు" అన్నాను.

మరుసటి ఏడు వైవాకు ముందురోజే హైదరాబాద్ పోయి కూర్చున్నాను. గట్టెక్కాను. ఫెలోషిప్ ఇచ్చే రోజు మా అమ్మను వెంట తీసుకుపోయాను. నల్ల గౌను తొడుక్కుని వరుసలో నిలబడ్డాను. అక్కడ కూడా కుదురు లేదు, ముందున్న డాక్టర్ గౌను రెండుసార్లు తొక్కాను. అప్పుడు గౌను లోపల ఫోన్ మోగింది. తెలియని నంబర్.

"డాక్టరమ్మనా? మా ఆయనకు షుగర్ ఎండినట్టున్నది. చెమటలు పడ్తానయ్, ఏదేదో మాట్లాడుతాండు. మింగుతాండని చక్కెర నీళ్లు తాపిన. ఇప్పుడేం చెయ్యాలె?"

"నువ్వెవరమ్మా? నా దగ్గరికి ఎప్పుడన్న వచ్చినవా?"

"లేదు, నువ్వు నన్నెరుగవు. నాట్ల కాడ కొమురమ్మ చెప్పింది. తగ్గితే మురవొద్దు, ఎండిందేమో చూడాలె అని. నంబర్ సుత అందరికి ఇచ్చింది."

స్టేజీ మీద నా పేరు పిలిచారు. నేను వరుస నుంచి పక్కకు జరిగి, మళ్లీ షుగర్ చూడమని, అన్నం పెట్టమని, ఒంటరిగా వదలొద్దని, ఆటో మాట్లాడుకుని దవాఖానకు పొమ్మని చెబుతున్నాను. పేరు రెండోసారి పిలిచారు. చెప్పడం అయ్యాకే పోయాను. మెడలో పతకం వేసిన పెద్దాయన ఏదో అన్నారు. ఏమన్నారో ఇప్పటికీ తెలియదు, నా చెవిలో ఆ ఆడమనిషి గొంతే ఉంది. సాయంత్రం మళ్లీ ఫోన్ చేసింది. ఆయన బాగున్నాడు.

ఇప్పుడు ఆ గోలి రాసే ముందు ఏ వారం ఒక్కపొద్దు అని అడుగుతాను. మా మందిరం వాళ్లనైతే ఉపవాస ప్రార్థన ఎప్పుడని అడుగుతాను. నా రోగులకు తగ్గడం వేరు, ఎండడం వేరు అని విడమరిచి చెబుతాను. మందు రాయడమే కాదు, ఆ మందు ఏ మాటతో ఆ ఇంట్లోకి పోతుందో చూసుకోవడం కూడా నా పనే. ఈ సంగతి నాకు ఐలయ్య కేసు నేర్పింది.

మా అమ్మ ఆ రోజు హాల్లో అంతా చూసింది. అయినా మందిరంలో అందరితో, "మా బిడ్డ హైదరాబాద్‌ల సహవాసంలకు చేరింది" అని చెప్పుకుంటుంది. మొదట్లో దిద్దేదాన్ని. ఇప్పుడు దిద్దడం లేదు.