ప్రభుత్వం కోసం వెతికిన మల్సున్ అవ్వ

సోల్మే ఊరి బజారులో పులుసు కొట్టు నడిపే తక్ మల్సున్ అవ్వకు ఎనభై ఏళ్లు దాటినా, ఆమె నోట్లో ఒక్క ప్రశ్నకు మాత్రం ముసలితనం రాలేదు. "దీనికి జవాబు చెప్పేదెవరు?" బస్సు ఆలస్యమైనా అదే ప్రశ్న, మంచు ముందుగా కురిసినా అదే ప్రశ్న. ఒక పెళ్లిలో పెళ్లికూతురు తుమ్మితే కూడా అడిగిందని చెప్పుకుంటారు గానీ, అది వట్టి కల్పన. అడిగింది పెళ్లికొడుకు తుమ్మినప్పుడు.

ఈ ప్రశ్నకు అందరికంటే ఎక్కువగా బలైపోయినవాడు ఊరి కార్యాలయం అధికారి బాంగ్ చోల్గి. అవ్వ గుమ్మంలో కనబడితే చాలు, ఆయన తలప్రాణం తోకకొచ్చేది.

"వంతెన దగ్గర దీపం వెలగడం లేదు. జవాబు చెప్పేదెవరయ్యా?"

"కరెంటువాళ్లు, అవ్వా."

"కరెంటువాళ్లంటే ఎవరు? ఓ మొహం ఉంటుందిగా వాళ్లకి."

"జిల్లా ఆఫీసులో ఉంటుంది."

"మొహం జిల్లాలో, చీకటి ఇక్కడా? బాగుంది."

ఏది అడిగినా పై ఆఫీసు మీదికి నెట్టేయడంలో చోల్గి ఆరితేరినవాడు. ఓ రోజు ఏకంగా బీరువా వెనక దాక్కున్నాడు. అవ్వ బీరువాకే ఫిర్యాదంతా చెప్పుకుని, "వెనకున్నాయనకి చెప్పు, బూట్లు కనబడుతున్నాయని" అని వెళ్లిపోయింది.

ఆ చలికాలం ఊళ్లో పెద్ద కలవరం పుట్టింది. జైళ్లు కిక్కిరిసిపోయాయని, బుద్ధిగా ఉన్న ఖైదీలను గడువు తీరకుండానే వదిలేస్తున్నారు. వాళ్లలో సోల్మే వాడైన గిల్‌హో ఒకడు. ఊరివాళ్ల తోటల్లో జిన్‌సెంగ్ అనే ఖరీదైన మందు దుంపలు పెకలించుకుపోయి అమ్ముకున్న ఘనుడు. ఆ దుంప చేతికి రావాలంటే ఆరేళ్లు పెంచాలి. ఆరేళ్ల కష్టం ఒక్క రాత్రిలో పోతే ఎవరు మాత్రం మరిచిపోతారు? వాడికి తల్లీ తండ్రీ లేరు. ఉన్న ఒక్క అక్క కూడా తమ్ముడి పేరెత్తితే లేచి వెళ్లిపోతుంది. ఊరు కూడా తలుపులు వేసుకుంటే వాడికి తల దాచుకునే చోటు లేదు.

జనానికి సర్దిచెప్పడానికి రాజధాని నుంచి నామ్‌గుంగ్ అనే కుర్ర అధికారి వచ్చాడు. ఊరి సభామందిరం నిండిపోయింది. అవ్వను ముందు వరసలో, అడుగునుంచి వేడి పెట్టిన నేల బాగా వెచ్చగా ఉన్నచోట కూర్చోబెట్టి, "ఇవాళ నీ దెబ్బ ప్రభుత్వానికి తగలాలవ్వా" అని అందరూ ఎగదోశారు. చోల్గికీ లోలోపల సంతోషమే. ఇన్నాళ్లూ తన చెవిలో రొద పెట్టిన జోరీగ ఇవాళ వేరే చెవి చూసుకుంటుంది.

అవ్వ లేచింది. "వాడు మళ్లీ దొంగతనం చేస్తే జవాబు చెప్పేదెవరు?"

"కమిటీ అన్నీ పరిశీలించే నిర్ణయం తీసుకుంది, పెద్దమ్మగారూ."

"ఆ కమిటీ ఎక్కడ పడుకుంటుంది? తోటలో అలికిడైతే ఎవర్ని లేపాలి?"

మందిరం గొల్లున నవ్వింది. నామ్‌గుంగ్ చేతిలోని కాగితాలు తిరగేశాడు. "ఇది మా శాఖ బాధ్యత..."

"శాఖ కాదు నాయనా, మనిషి పేరు చెప్పు."

చప్పట్లు మోగాయి. అవ్వ వెనక్కి తిరిగి, అవి ఆగేదాకా అందరినీ ఎగాదిగా చూసింది.

"అప్పుడే అయిపోలేదు. వాడు దొంగతనం చెయ్యకపోతే? పని అడిగితే మీరెవరూ ఇవ్వక, ఈ చలికి ఏ వంతెన కిందో బిగుసుకుపోతే, దానికి జవాబు చెప్పేదెవరు? ముందే వదిలారు, మంచిదే. మరి జైలు గేటు దగ్గరికి ఎవరొస్తున్నారు? ప్రభుత్వం వస్తుందా?"

నవ్విన వాళ్లంతా తలలు దించుకున్నారు. తోట పోగొట్టుకున్న రైతు ఒకాయన, "మరి మా దుంపల సంగతో?" అని గొణిగాడు.

"ఆ సంగతి వాడే చెప్పాలి. చెప్పడానికి బతికుండాలిగా. నా కొట్టు వెనక గది ఖాళీగానే ఉంది, ముల్లంగి ఆకులు కడగడానికి మనిషీ కావాలి. నీకు కోపముంటే వచ్చి వాడి మొహం మీదే తిట్టు. నీకూ పులుసు పోస్తాను."

చోల్గికి సిగ్గేసింది. ఇన్నేళ్లూ అవ్వ తప్పు ఎవరిదా అని వెతుకుతోందనుకున్నాడు. పాపం, పట్టించుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతుకుతోంది.

విడుదల రోజున ఆయనే అవ్వను తన కారులో తీసుకెళ్లాడు. జైలు నుంచి వచ్చినవాడికి గేటు దగ్గరే తెల్లటి టోఫు, అంటే సోయా పన్నీరు, తినిపించడం అక్కడి ఆచారం, ఇకమీదట బతుకు అంత తెల్లగా ఉండాలని. అవ్వ ఒళ్లో ఒక డబ్బా ఉంది. తన వంతుగా చోల్గి దారిలో కూరల దుకాణం దగ్గర ఆగి, హడావిడిగా ఇంకో డబ్బా కొన్నాడు. అవ్వ మూత తీసి చూస్తే, అది కారం దట్టంగా పులిమిన టోఫు వేపుడు.

"వీడు తెల్లగా బతకాలా, ఎర్రగా బతకాలా? దీనికి జవాబు చెప్పేదెవరు?"

"నేనే, అవ్వా" అన్నాడు చోల్గి. ఉద్యోగంలో చేరాక ఆ మాట అనడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టమేమీ అనిపించలేదు.

గేటు తెరుచుకుంది. గిల్‌హో చిన్న సంచీతో బయటికొచ్చి, తన కోసం ఎవరూ రారన్న నమ్మకంతో తల వంచుకుని వాళ్లను దాటి పోబోయాడు.

"ఒరేయ్, ఎక్కడికి? నోరు తెరువు" అంది అవ్వ.

వాడు తెరిచాడు. తెల్ల టోఫు తింటూ ఏడ్చాడు. తర్వాత చోల్గి తెచ్చిన ఎర్రదీ తిన్నాడు. ఆ కన్నీళ్లకు కనీసం కారం అనే సాకు దొరికింది.

అంతలో ఒక టాక్సీ వచ్చి ఆగింది. అందులోంచి నామ్‌గుంగ్ దిగాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో తెల్లటి టోఫు.

"ఆ రోజు మీరు పేరడిగారు, పెద్దమ్మగారూ" అన్నాడు, చెవులు ఎర్రబడగా. "చెప్పలేకపోయాను. నా పేరు నామ్‌గుంగ్ హ్యోన్. ఏమైనా అయితే నాకే ఫోన్ చెయ్యండి."

అవ్వ అతన్ని ఆపాదమస్తకం చూసింది. "ఇంత సన్నగా ఉన్నావేం నాయనా? నీ ప్రభుత్వం నీకు అన్నం పెట్టదా?" అని సంచీ అందుకుంది.

గిల్‌హో పొట్ట పట్టుకున్నాడు. "అవ్వా, ఇంక పట్టదే."

"నోరు తెరవరా. ఇది ప్రభుత్వం స్వయంగా తెచ్చింది."