లినక్స్ ఓడిపోయిన ఎన్నిక

మేనేజరు కాకముందు రాఘవది ఈపూరు రాజకీయం. సర్పంచి పదవికి నిలబడ్డ ప్రతిసారీ ఓడిపోయాడు. బావమరిది నరసరావుపేటలో సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టి, నమ్మకస్తుడు కావాలని అతన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. కోడు రాయడం ఒక్క ముక్క రాదు. రాదన్న సిగ్గూ లేదు. అక్కడ కోడు రాసే ముగ్గురిలో పెద్దది నిహారిక. అతను నోరు విప్పితే చాలు, ఆమెకు ఒళ్ళు మండేది.

ఒకరోజు కొత్త కంప్యూటర్లు దిగాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్‌గా పాతవాటిలాగే లినక్స్ వేయాలా, విండోస్ వేయించాలా అన్న మాట లేచింది. తమ పనంతా లినక్స్ మీదే అమర్చుకున్నామనీ, ఇప్పుడు మారిస్తే మిర్చి కోల్డ్ స్టోరేజీల వాళ్ళకు నెలాఖరుకి ఇవ్వాల్సిన ప్రోగ్రాం అందదనీ నిహారిక మొత్తుకుంది. ఆ పని చెయ్యిజారితే ఆఫీసు నిలబడదు. సొంత ఊళ్ళో ఆమెకు ఇలాంటి ఉద్యోగం మళ్ళీ దొరకదు.

రాఘవ నవ్వాడు. "నువ్వొక్కదానివి చెప్తే సరిపోద్దా అమ్మాయ్? నలుగుర్నీ అడగాల. ఓటింగ్ పెడదాం."

మర్నాడు హాల్లో అందరికీ బిర్యానీ పొట్లాలు పంచారు. లెక్కలు రాసే లీలావతి, డ్రైవరు, రిసెప్షన్ అమ్మాయి, వాచ్‌మన్ అంతోని, అందరూ ఓటర్లే. ముందే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి "విండోస్‌కే చెయ్యెత్తాల, మనోళ్ళు గదా" అని మాట తీసుకున్నాడు రాఘవ. అంతోని చెయ్యెత్తి, పక్కనున్న నిహారికనే అడిగాడు: "ఇంతకీ ఏందమ్మా ఇది?"

లినక్స్‌కు లేచినవి కోడు రాసే ముగ్గురి చేతులే. జన్మలో మొదటిసారి గెలిచిన రాఘవకు మెళ్ళో దండ ఒక్కటే తక్కువ. గాడిదకేం తెలుసు గంధపు వాసన అనుకుని నిహారిక పళ్ళు కొరుక్కుంది.

పాతవాటితో సహా అన్నీ విండోస్ అయ్యాయి. అమర్చుకున్నదంతా మళ్ళీ మొదటినుంచీ కట్టుకోవడంతోనే రోజులు గడిచిపోయాయి. నెలాఖరు వచ్చింది, ప్రోగ్రాం రాలేదు. కోల్డ్ స్టోరేజీల వాళ్ళు ఆఫీసుకొచ్చి దుమ్మెత్తిపోశారు. బావమరిది ఫోన్లో కడిగేశాడు. రాఘవ చెమట తుడుచుకుంటూ నిహారిక బల్ల దగ్గరికి వచ్చాడు.

"నీ లినక్సే వేయిస్తానమ్మా. వారం గడువు అడిగా. ఎట్టాగోట్టా రాసిపెట్టండి, నా పరువు పోద్ది."

ఆమె బ్యాగు సర్దుకుంటోంది. కోడు రాసే ముగ్గురికీ హైదరాబాదులో ఉద్యోగాలు ఖాయమయ్యాయి. ఊరు వదలాల్సి వచ్చినందుకు ఏడుపూ, ఈ మనిషిని చూసి అసహ్యమూ కలిసి తన్నుకొస్తుంటే బ్యాగు జిప్పు బర్రున లాగింది.

"మీకు ఓటేసినోళ్ళంతా హాల్లోనే ఉన్నారు బాబాయ్. వాళ్ళని రాయమనండి."