బర్గర్ తిన్న చేతులూ, తాతయ్య ఫిడేలూ

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి రెండు నమ్మకాలుంటాయి. తనలో గొప్ప కళాకారుడున్నాడని ఒకటి, ఆ సంగతి ఊరికి ఇంకా తెలియలేదని ఇంకొకటి. ఆ రోజుల్లో నాకు రెండూ దండిగా ఉండేవి. రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతూ, సెలవురోజు బాపట్లలో మా ఇంటికి వెళ్లి తాతయ్య ఫిడేలు వాయించుకునేవాణ్ణి. తాతయ్య నేను పుట్టకముందే పోయారు. ఫిడేలు మాత్రం నాయనమ్మ బీరువాలో పట్టుచీరల పక్కన దర్జాగా బతికింది. దాన్ని నా చేతికిచ్చిన రోజున ఆవిడ ఒకే ఒక్క షరతు పెట్టింది. "ఎంగిలి చేత్తో ముట్టుకున్నావో, ఆ రోజే బీరువాలోకి వెళ్లిపోతుంది. మళ్లీ అడగొద్దు." (నాయనమ్మ మాటంటే మాటే. కాళ్లు కడుక్కోకుండా వంటింట్లోకి వచ్చాడని మా నాన్నతో వారం రోజులు మాట్లాడలేదు. అప్పటికి ఆయన హెడ్మాస్టరు.)

తెనాలిలో నాకో స్నేహితుడున్నాడు. గిటారు బావ అనేవాళ్లం. నిజానికి ఎవరికీ బావ కాడు. ఆ ఊళ్లో ఎవరో కొత్తగా ఒక మేడ మీద కాఫీలూ బర్గర్లూ అమ్మే చోటు తెరిచి, శనివారం సాయంత్రాలు లైవ్ మ్యూజిక్ అని బోర్డు పెట్టారు. బావ వెంటనే ఒక బ్యాండు కట్టేశాడు. "మొదటి పాట నీ ఫిడేలుతోనే ఎత్తుకుందాం రా. ఓనరుకి నచ్చిందా, ప్రతి శనివారం మనదే" అన్నాడు. నేను ఆ వారమంతా పిల్లల చేత ఎక్కాలు చదివిస్తూ మనసులో ఆ ఎత్తుగడే వాయించుకున్నాను. నాయనమ్మని బతిమాలి ఫిడేలు వెంట తెచ్చుకున్నాను. శనివారం ఒంటిపూట బడి కాగానే దాన్ని ఒళ్లో పెట్టుకుని పాసింజరు రైలెక్కాను. భయానికి మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు.

మా వంతు రెండోది. ఇంకా చాలా టైముంది కదా అని ఓనరుగారు వాయించేవాళ్లందరికీ తలా ఒక బర్గర్ పెట్టించారు. నా జీవితంలో అదే మొదటిది. లోపల ఏముందండి అని నాలుగుసార్లు అడిగాను. నాలుగోసారి ఆయనే పైబన్ను ఎత్తి చూపించి "ఆలూ కట్లెట్టేనండి, నమ్మండి" అన్నారు. నమ్మి కొరికాను. అక్కడే వచ్చింది చిక్కంతా. మా ఇంట్లో కుడిచెయ్యి తినడానికి, ఎడమచెయ్యి మంచినీళ్ల గ్లాసు అందుకోవడానికి. కొరికింది మళ్లీ పళ్లెంలో పెట్టకూడదు. బర్గర్ కనిపెట్టినవాడికి మా నాయనమ్మ తెలియదు. ఒక చేత్తో పట్టుకుంటే కట్లెట్టు వెనకనుంచి జారిపోతోంది. ఇక లాభంలేదని రెండోచెయ్యి కూడా వేశాను. మా ఇంటిపేరు గలవాళ్లలో రెండు చేతులూ ఎంగిలి చేసుకున్న మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. తెల్లటి సాసు మణికట్టు దాకా వచ్చింది.

సరిగ్గా అప్పుడే ఓనరుగారు వచ్చి, ముందు వాయించాల్సినవాళ్ల ఆటో చెరుకుపల్లి దగ్గర ఆగిపోయిందట, మీరే ఎక్కెయ్యండి అన్నారు. మిగిలిన సగం బర్గర్ నోట్లో కుక్కుకుని, ఆపరేషన్‌కి సిద్ధమైన డాక్టరులా రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను.

"ఫిడేలు తియ్యరా" అన్నాడు బావ.

"చెయ్యి కడుక్కోవాలి బావా."

"ఇదిగో కాయితం. తుడుచుకో."

"కాయితంతో ఎంగిలి పోదు బావా."

బావ నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. కొళాయి దగ్గరికి పరిగెత్తి మోచేత్తో తిప్పితే అది రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ట్యాంకులో నీళ్లయిపోయాయట. మంచినీళ్ల క్యాను స్టేజీ పక్కన కరెంటు వైర్ల మధ్య ఉంది. దాని దగ్గరికి పోబోతే అందరూ ఒక్కసారి అరిచారు. ఇక మెట్లు దిగి రోడ్డు మీదికి పరిగెత్తాను. ఎదురుగా గోలీసోడా బండి.

"బాబాయ్, నీళ్లున్నాయా?"

"సీసాలు కడిగిన నీళ్లు బాబూ, అవొద్దు. సోడా కొట్టమంటారా?"

"కొట్టు. చేతుల మీద."

ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, సీసా కొట్టి పోశాడు. సగం చేతుల మీద, సగం చొక్కా మీద పడింది. "ఏం తిన్నారు బాబూ?" అన్నాడు. చెప్పాను. "అయితే ఇంకోటి కావాలి, ఉండండి" అని రెండోది కూడా కొట్టాడు.

మెట్లెక్కుతుండగా పాట వినిపించింది. నా ఎత్తుగడ బావ గిటారు మీద వాయించేస్తున్నాడు. బాగానే వాయించాడు, అదే నాకు మరీ బాధ కలిగించింది. వారం రోజులుగా నాదనుకున్నది నేను మెట్ల మీదుండగానే అయిపోయింది. తడిసిన చొక్కాతోనే రెండో పాటకి కలిశాను, తప్పు లేకుండానే వాయించాను. చివర్లో ఓనరుగారు బావతో, "బ్యాండు బాగుందండి, వచ్చే శనివారం కూడా రండి" అన్నారు. తర్వాత నావైపు తిరిగి "ఫిడేలు కావాల్సినప్పుడు కబురు చేస్తానండి" అన్నారు. ఆ కబురు ఇంతవరకూ రాలేదు.

మర్నాడు బాపట్ల వెళ్లి నాయనమ్మకి అంతా చెప్పాను. నీ షరతు కోసం ఎంత పోగొట్టుకున్నానో చూడు అన్నట్టు, కొంచెం గొప్పగానే చెప్పాను. ఆవిడ చేటలో పప్పు పక్కన పెట్టి ఫిడేలు తెమ్మంది. చెయ్యి ఆనే చోట నల్లటి మరక చూపించింది. అది చెక్క రంగే అనుకునేవాణ్ణి అన్నాళ్లూ.

"ఇదేంటో తెలుసా? మీ తాతయ్య పెళ్లిళ్లలో వాయిస్తూ మధ్యమధ్యలో పకోడీలు తినేవారు. ఎంత మొత్తుకున్నా అదే చేత్తో పట్టుకునేవారు. ఆయన మీద కోపం నీ మీద తీర్చుకున్నట్టున్నాను రా." ఫిడేలు తన ఒళ్లోకి తీసుకుని, "వచ్చేసారి కాయితంతోనే తుడుచుకో. నాకు మాత్రం చెప్పకు" అంది. కొంగుతో ఫిడేలంతా తుడిచింది, ఆ మరక జోలికి మాత్రం పోలేదు.

ఇప్పుడు నాయనమ్మ లేదు. నేనింకా లెక్కలే చెబుతున్నాను. మొన్న ఫిడేలుకి పాలిష్ పెట్టించబోతే, మరక కూడా పోగొడతానండి అన్నాడు ఆ పనాయన. వద్దన్నాను. దాని మీద తాతయ్య పకోడీ మరక ఉంది, దాని చుట్టూ నాయనమ్మ కొంగు తుడిచిన నున్నదనం ఉంది. నా గుర్తు మాత్రం ఎక్కడా లేదు. ఆ సోడా బాబాయ్ రెండో సీసా కొట్టకుండా ఉంటే బాగుండేదేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.