హత్తా బస్సులో చేపల బకెట్

రెండేళ్ల కిందట దుబాయ్ నుంచి కొండల్లోని హత్తా ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన ఒకతను కూర్చున్నాడు. చేతిలో గాలం కర్ర, కాళ్ల మధ్య చేపల బకెట్. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని, "మనోళ్లేనా సార్" అని నవ్వాడు. నేను నవ్వలేదు. ఇస్త్రీ ప్యాంటుకు నీచు వాసన అంటుకుంటుందని లేచి వెళ్లి, ఆ బకెట్ తీయించమని డ్రైవర్‌కు చెప్పాను.

డ్రైవర్ దాన్ని కింద సామాన్ల అరలో పెట్టించాడు. అతను డ్రైవర్‌ను ఏదో బతిమాలుతూ కనిపించాడు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను.

హత్తాలో దిగి అతను మూత తీశాడు. నీళ్లు వేడెక్కాయి. వేలెడంత చేపలు చాలావరకు వెల్లకిలా తేలుతున్నాయి. తాగడానికి తెచ్చుకున్న చల్లటి నీళ్లన్నీ అందులో పోశాడు.

"ఏం చేపలివి?" అన్నాను.

"ఈడి కొండవాగులయే సార్. ఎవరో పట్కపోయి దుబాయ్‌ల ఒక తోట చెరువుల ఏసిన్రు. అండ్ల పెంచుతున్న పెద్ద చేపలు వీటిని తింటున్నయ్. సెలవు నాడు మేం కొందరం సన్న గాలమేసి ఇయి పట్టి, మళ్ల వాగుల ఇడుస్తున్నం. కూలి లేదు, ఊకెనే. మావోళ్ల వ్యాన్ల జాగ లేక నేను బస్సుల తెచ్చిన."

"బతికున్నవని నాకు తెలీదు" అన్నాను.

అతను తలెత్తలేదు. "అడిగితే చెప్పేటోణ్ణి గద సార్."

బతికినవి నాలుగే. వాటితో వాగు వైపు నడిచాడు. నేనూ వస్తాననడానికి మొహం చెల్లలేదు.