రాతిమీద మామ పేరు

ప్రతి ఏడూ లాగే మొన్న నవంబరులోనూ దేగ్లూరు బ్యాంకుకు వెళ్ళి, నేనింకా బతికే ఉన్నానని పింఛను కాగితం మీద సంతకం పెట్టి వచ్చాను. అక్కడి పిల్ల "తబియత్ మంచిగున్నదా గురుజీ?" అంటూ నవ్వుతూ ముద్ర కొట్టింది గానీ నాకు నవ్వు రాలేదు. ఒకప్పుడు ఇంతే తేలిగ్గా ఒక మనిషి చచ్చిపోయాడని కూడా నేను సంతకం పెట్టాను.

అరవైల చివర, మర్ఖేల్ బడిలో పంతులుగా కొత్తగా చేరిన రోజులవి. రెండో ప్రపంచ యుద్ధంలో పోయిన మా చుట్టుపక్కల సిపాయిల పేర్లు రాతిమీద చెక్కించాలని సర్కారువాళ్ళు తలపెట్టి, తెలుగు, మరాఠీ రెండూ వచ్చు గదా అని ఆ జాబితా పని నాకు అప్పగించారు. ఊరూరా సైకిలు తొక్కి, ఇంటింటా చావు కబురు కాగితాలు చూసి రాసుకున్నాను. మా ఇంట్లో మాత్రం అలాంటి కాగితం లేదు. మా మేనత్త భర్త పెళ్ళయిన మూడో ఏట ఫౌజులో చేరి బర్మా పోతే, తర్వాత వచ్చింది 'లాపతా', అంటే జాడ తెలియలేదు అన్న ఒక్క ముక్కే. చావు కబురు రాలేదు కనుక మా ఆచారం ప్రకారం అత్త ముత్తయిదువే. పాతికేళ్ళుగా మా ఇంట్లోనే ఉంటూ, నుదుట ఇంత బొట్టు, చేతుల నిండా ఆకుపచ్చ గాజులతో, ఊళ్ళో ఏ పెళ్ళికైనా పసుపు దంచడానికి ముందు ఆమే కూర్చునేది.

లాపతా అని రాస్తే పేరు రాతిమీదికి ఎక్కదన్నారు. మామ పేరు లేని రాయేమిటని రోషం వచ్చి, ఇంట్లో ఎవరినీ అడగకుండా 'మరణించాడు' అని రాసి, బంధువునని సంతకం కూడా చేసేశాను. బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను!

రాయి నిలబెట్టిన రోజు దానికి పసుపు కుంకుమ పెట్టడానికి పిలిచిన ముత్తయిదువల్లో అత్తే ముందు, హారతి పళ్ళెంతో నిలబడింది. తాలూకా నుంచి వచ్చిన సాహెబు మరాఠీలో పేర్లు చదువుతూ మామ పేరు దగ్గరికి వచ్చేసరికి ఆమె ముఖం వెలిగిపోయింది. మరాఠీ అర్థంకాక, ఆచూకీ తెలిసిందనుకుంది పాపం. పక్కనున్న ఆడవాళ్ళు మాత్రం ఒకరి ముఖం ఒకరు చూసుకుని, మెల్లగా ఆ పళ్ళెం ఆమె చేతుల్లోంచి తీసేసుకున్నారు.

మూడో నాడు అత్తను వాగు ఒడ్డుకు తీసుకుపోయి గాజులు పగలగొట్టారు. నేను అడ్డం పడి, అబద్ధం రాశానయ్యా అని నెత్తి బాదుకున్నా, సర్కారు రాతిమీద రాసింది అబద్ధమెట్లయితదని పెద్దలు నన్నే కసిరారు. అత్త నన్ను తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రం దగ్గరికి పిలిచి, "రేపు మీ మామ అచ్చి, నా మొకం జూసి, నేను సచ్చిననుకున్నవా అని అడిగితే ఏం జెప్పాల్రా బిడ్డా?" అంది.

ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది గానీ మళ్ళీ ఏ పెళ్ళి గడపా తొక్కలేదు. ఇప్పుడు మా వీధిలోనే మగడు పోయిన ఆడపిల్లలు బొట్టు పెట్టుకుని, గాజులు వేసుకుని నౌకరీలకు పోతున్నారు, ఎవరూ వేలెత్తి చూపడం లేదు. కాలం మారింది, మంచికే మారింది, మా అత్త మాత్రం ముందే పోయింది. ఆమెను పాడెమీద పడుకోబెట్టిన రోజు కుంకుమ భరిణె నా జేబులోనే ఉంది, ముత్తయిదువగానే సాగనంపుదామని తెచ్చుకున్నాను. పదిమందీ ఏమంటారో అనుకుంటూ నిలబడ్డాను. అంతలోనే పాడె లేపేశారు.