మా యార్డు గడియారాన్ని గంట ముందుకు జరిపినప్పుడు

2021 జనవరిలో నన్ను దుబాయి దేరా నైఫ్‌లోని కంపెనీ ఆఫీసు నుంచి రాస్ అల్ ఖైమాలోని ప్రీకాస్ట్ ఫ్యాక్టరీకి సీనియర్ టైమ్ కీపర్‌గా బదిలీ చేశారు. ప్రీకాస్ట్ అంటే గోడలు, శ్లాబులు, మెట్ల వరసలు ముందుగానే అచ్చుల్లో పోసి, గట్టిపడ్డాక ట్రెయిలర్ల మీద కట్టడాల దగ్గరికి పంపే పని. ఉద్యోగం మానుకునే దాకా నేను అక్కడే ఉన్నాను.

టైమ్ కీపర్ పని బయటివాళ్లకు హాజరు వేయడంలా కనిపిస్తుంది. నిజానికి కార్మికులు ఉండే క్యాంపు నుంచి బస్సు ఎప్పుడు కదలాలి, పంచింగ్ మిషన్ ఎప్పుడు తెరవాలి, సైరన్ ఎప్పుడు మోగాలి, ఎవరికి ఓవర్‌టైమ్ పడుతుంది, ఎవరికి విశ్రాంతి బాకీ ఉంది అన్నవన్నీ అతని చేతి మీదుగానే నడుస్తాయి. హోదాలో అతను హెచ్.ఆర్. ఆఫీసరుకు కింద, ఫోర్‌మన్‌కు పైన. ఈ రెండోది కాగితం మీద మాత్రమే. నేను చదివింది పదో తరగతి. లెక్కలు పనిలో పడ్డాకే నేర్చుకున్నాను. సూర్యోదయ సూర్యాస్తమయాల పట్టిక చూసి బస్సుల వేళలు కట్టడం నాకు నేనే అలవాటు చేసుకున్నాను.

2022 మార్చి నెలాఖరులో ఒక సర్క్యులర్ వచ్చింది. ఫ్యాక్టరీలోని గడియారాలు, పంచింగ్ మిషన్లు, సైరన్ అన్నీ అక్టోబరు చివరి దాకా ఒక గంట ముందుకు జరుగుతాయని దాని సారాంశం. యూరప్‌లోని మా హెడ్డాఫీసు దేశంలో ఏటా ఆ పని చేస్తారు. వేసవిలో పగటి వెలుగు వృథా కాకూడదని గడియారాన్ని గంట ముందుకు తిప్పి, చలికాలానికి మళ్లీ వెనక్కి తిప్పుతారు. ఎమిరేట్స్‌లో ఆ ఆచారం లేదు, ఉండవలసిన అవసరమూ లేదు. ఇక్కడ అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ తేడా సుమారు మూడు గంటలు. వాళ్ల దేశంలో అది ఎనిమిది తొమ్మిది గంటలు.

సర్క్యులర్‌లో రాసిన కారణం ‘చల్లని ఉదయపు వెలుగును కార్మికులు ఉపయోగించుకోవడానికి’. అసలు కారణం నాకు ప్రొడక్షన్ మేనేజర్ గదిలో తెలిసింది. ఆయన కొత్తగా యూరప్ నుంచి వచ్చారు. అందరూ ఆయన్ని ముదీర్ అనేవాళ్లు. రోజూ పదకొండింటికి హెడ్డాఫీసుతో ఆయనకు వీడియో మీటింగు ఉండేది. అక్కడ గడియారం ముందుకు జరిగితే ఇక్కడ ఆ మీటింగు పదింటికి పడుతుంది. పదకొండు పదకొండుగానే ఉండాలంటే ఫ్యాక్టరీ గడియారమూ వాళ్లతో పాటు జరగాలి. అదీ సంగతి.

పని ఒక గంట ముందు మొదలుపెట్టాలంటే అలాగే చేద్దాం, ఆరింటికి బదులు ఐదింటికి అని నోటీసు పెడదాం, గడియారాన్ని ముట్టుకోవడం దేనికి అని నేను అడిగాను. ఆయన నవ్వి, ఐదింటికి రమ్మంటే మనిషి గొణుగుతాడు, ఆరింటికి రమ్మని గడియారంలో ఐదును ఆరు చేస్తే వస్తాడు, మా దేశంలో అందరం అలాగే లేస్తాం అన్నారు. నాకు ఒళ్లు మండింది. మనిషిని గంట ముందు నిద్ర లేపుతున్నామని చెప్పే ధైర్యం లేక గడియారం చేత అబద్ధం చెప్పించడాన్ని ఆయన ఒక సౌకర్యంలా వివరించారు.

మొదటి ఫలితం మర్నాడే కనబడింది. మార్చి నెలాఖరున ఇక్కడ ఆరు దాటాకే పొద్దు పొడుస్తుంది. మా కొత్త ఆరు అంటే ఈ దేశానికి ఐదు. చీకటి. వెలుగు ఆదా చేయడానికి గడియారం తిప్పి, ఆ వెలుగు వచ్చే దాకా యార్డంతా ఫ్లడ్ లైట్లు వేశాం. ఆ ముందు వారమంతా పొద్దున వాటి అవసరం పడలేదు.

రెండో ఫలితం క్యాంపులో తెలిసింది. ఆ క్యాంపులో ఆరేడు కంపెనీల వాళ్లు ఉంటారు. మిగతా అందరిదీ దేశం గడియారం. రాత్రి వంటగదిలో పొయ్యి ఖాళీ అయ్యేది ఆ గడియారం ప్రకారమే. ఇంటి దగ్గర ఆడవాళ్లు పనులు తెముల్చుకుని ఫోనెత్తేది ఇండియా గడియారం ప్రకారం. కాబట్టి మా వాళ్లు పడుకునే వేళ మారలేదు, లేచే వేళ మాత్రం గంట ముందుకు వచ్చింది. ఆ గంట నిద్ర ఎక్కడి నుంచీ తిరిగి రాలేదు. ఏప్రిల్ అంతా బస్సులో కిటికీలకు తలలు కొట్టుకుంటూ వచ్చారు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన గంగారాం అచ్చులు విప్పే గ్యాంగులో పనిచేసేవాడు. నలభై దాటిన మనిషి, మాటకు ముందు నవ్వు. ఒకరోజు పంచింగ్ దగ్గర నన్ను పట్టుకున్నాడు.

“శంకరన్నా, సూర్యుడు గూడ మన కంపెనీల పంచ్ కొట్టి ఎక్కుతున్నడా? ఇయ్యాల లేటొచ్చిండు. గంట జీతం కట్ జెయ్‌రాదు.”

“ఆయన కఫీల్ వేరే,” అన్నాను. కఫీల్ అంటే ఇక్కడ మనకు వీసా ఇచ్చే యజమాని.

“అదృష్టమంతుడు. రాత్రి మా ఆమె టైమెంతయ్యిందని అడిగింది. ఏ టైం గావాలె, కంపెనీదా, సర్కారుదా, మనూరిదా అన్న. తాగినవా అని ఫోన్ పెట్టేసింది.”

గంగారాం సంగతిలో ఒకటి చెప్పాలి. ముందటేడు ఆగస్టులో అతను ఎండదెబ్బ తిని పడిపోయాడు. మధ్యాహ్నపు ఎండలో బయట పని చేయించవద్దని, రెండోసారి అయితే ప్రాణానికి ప్రమాదమని డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకూ, ఫోర్‌మన్ మస్తాన్ భాయ్‌కీ, సేఫ్టీ ఆఫీసరుకూ తెలుసు. అచ్చుల యార్డులో సగానికే పైకప్పు ఉంది. విప్పే గ్యాంగు నిలబడేది కప్పు లేని సగంలో.

ఇక్కడి చట్టం ఒకటి పాఠకులకు తెలియాలి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకా, పగలు పన్నెండున్నర నుంచి మూడింటి వరకు, ఎండలో ఎవరి చేతా పని చేయించకూడదు. మంచి చట్టం, కచ్చితంగా అమలయ్యే చట్టం. అయితే మా ఫ్యాక్టరీలో పన్నెండున్నర అంటే దేశానికి పదకొండున్నర. మా మూడు అంటే దేశానికి రెండు. సైరన్ పంచింగ్ మిషన్‌తో ముడిపడి తనంతట తానే మోగుతుంది. అంటే రోజులో నిప్పులు చెరిగే రెండు నుంచి మూడు దాకా మా వాళ్లు చట్టానికి వ్యతిరేకంగా యార్డులో ఉంటారు, గోడ మీది గడియారం మాత్రం అంతా సక్రమమేనని చెబుతుంది.

జూన్ మొదట్లోనే ఈ లెక్క ఒక కాగితం మీద రెండు గీతలు గీసి ముదీర్‌కు చూపించాను. కనీసం సైరన్‌ను దేశం వేళకు మార్చమన్నాను. లేదా వేసవికి దేశం వేళ ప్రకారం నాలుగున్నరకే మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగిద్దాం, మధ్యాహ్నం ఎవరూ బయటికి రానవసరం లేదు అన్నాను. విరామం రెండున్నర గంటలు ఇస్తున్నాం కదా, గంట ముందు ఇచ్చినంత మాత్రాన అది తగ్గదు అన్నారాయన. ఎండ కూడా గంట ముందుకు జరిగిందా అని అడిగాను. సేఫ్టీ ఆఫీసరు పక్కనే ఉండి ఫోను చూసుకున్నాడు. బయటికి వచ్చాక, ‘మీరు చెప్పింది నిజమే, కానీ సర్క్యులర్ మీద ఆయన సంతకం ఉంది’ అన్నాడు. సంతకం పెడితే నీడ పడుతుందా అనుకుంటూ నా గదికి వచ్చాను.

విరామం నిబంధన మొదలైన రోజు మా మూడింటికి సైరన్ మోగితే మస్తాన్ భాయ్ తన గ్యాంగును నీడలోంచి కదలనివ్వలేదు. ఆయనది కడప జిల్లా రాయచోటి, యార్డులో అందరికన్నా పాతవాడు. “నా ఫోన్‌లో రెండే అయింది. మూడయినాక చెప్తా, కూచోండ్రా,” అన్నాడట. రెండో రోజూ అంతే. మూడో రోజు ముదీర్ ఆయన్ని పిలిచి, ఇంకోసారి ఇలా చేస్తే ఫోర్‌మన్ ఉద్యోగం ఉండదని చెప్పారు. నా గది ముందు ఆగి, “ఏం చేద్దాం శంకరం సామీ, నేను పోతే ఇంకొకణ్ని తెస్తారు. వాడు నీళ్లు తాగేదానికి కూడా ఇడవడు. నేనుంటే కొంచెమన్నా చూసుకుంటా,” అన్నాడు. గంగారామ్‌ను కప్పు కిందికి మార్చమని ఇద్దరం కలిసి అడిగాం. మనుషులు తక్కువగా ఉన్నారు, ఈ ఆర్డరు అయ్యాక చూద్దాం అన్నారు.

జులై మొదటి వారం. మా సైరన్ మోగి కాసేపయింది. దూరం నుంచి మస్తాన్ భాయ్ గొంతు నాకు వినబడుతోంది.

“రేయ్ గంగారాం, నీళ్లు తాగినావా?”

“తాగిన భాయ్. కడుపంత కుంటయ్యింది, చేపలేస్తే బతుకుతయ్.”

“ఇంగా తాగు. మాటలు తగ్గించు.”

తర్వాత కొద్దిసేపటికి ఆ గొంతే అరుపుగా మారింది. నేను వెళ్లేసరికి గంగారాం ఉక్కు అచ్చు పక్కన పడి ఉన్నాడు. చెమట లేదు, చర్మం కాలుతోంది, ఏదో మాట్లాడుతున్నాడు కానీ అది మాట కాదు. క్యాంటీన్ నుంచి ఐస్ తెచ్చి చంకల్లో, మెడ కింద పెట్టాం. “యల్లా, యల్లా, గాడీ లావ్,” అని మస్తాన్ భాయ్ డ్రైవరు మీద కేకలు వేస్తున్నాడు. ఎవరు ఆసుపత్రికి వెళ్లినా వాళ్ల గుర్తింపు కాగితాలతో టైమ్ కీపర్ వెంట వెళ్లాలి. సేఫ్టీ ఆఫీసరూ మాతో వచ్చాడు.

ఎమర్జెన్సీలో డాక్టరు మొదట అడిగింది ఎన్నింటికి పడిపోయాడని. మెదడుకు వేడి ఎంతసేపటి నుంచి తగులుతోందో దాన్ని బట్టే ఆయన చికిత్స.

సేఫ్టీ ఆఫీసరు అలవాటుగా, లేదా జాగ్రత్తగా, “మూడూ ఇరవైకి” అన్నాడు.

డాక్టరు గోడ మీద గడియారం చూశాడు. పది తక్కువ మూడు. మళ్లీ సేఫ్టీ ఆఫీసరును చూశాడు. “ఇంకా మూడు కాలేదు. ఎప్పుడు పడ్డాడో సరిగా చెప్పండి,” అన్నాడు.

“మా కంపెనీ టైము ప్రకారం...”

మస్తాన్ భాయ్‌కి అప్పటి దాకా ఆగిన కోపం ఒక్కసారి బయటికి వచ్చింది. “ఖలాస్ కరో భాయ్! వాడు చస్తా ఉంటే ఇంకా రాని టైము చెప్తావా డాక్టర్‌కి?” అని, డాక్టరు వైపు తిరిగి హిందీలో, రెండూ ఇరవైకి పడ్డాడు, అరగంటయింది అని చెప్పాడు. నేను ఔనన్నాను. ఆ రెండు మాటల మధ్య పోయింది కొన్ని క్షణాలే కావచ్చు. అయినా ఒక మనిషి చావుబతుకుల మధ్య ఉండగా పక్కన నిలబడి ఏ గడియారం నిజమో వాదించుకోవలసి వచ్చింది. ఇంత సిగ్గుమాలిన పని నా ఉద్యోగంలో ఇంకొకటి చూడలేదు.

గంగారాం బతికాడు. మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎండలో పనికి ఇక పనికిరాడని తేల్చారు. విచారణకు వచ్చిన తనిఖీ అధికారికి మా మేనేజరు ఇరవై నిమిషాలు వేసవి వేళల గురించి వివరించారు. ఆయన అంతా విని, ఈ దేశంలో గడియారం ఒక్కటే అని, నిబంధన ఉల్లంఘన కింద రాసుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే సైరన్‌ను దేశం వేళకు మార్చారు. గోడ గడియారాలనూ, పంచింగ్ మిషన్లనూ మాత్రం ముట్టుకోలేదు. అక్టోబరు దాకా మేం ఒక గడియారంతో పనిలోకి వెళ్లి, ఇంకో గడియారంతో విశ్రాంతి తీసుకున్నాం. తప్పు ఒప్పుకోవడం కన్నా రెండు గడియారాలు నడపడమే వాళ్లకు తేలికనిపించింది.

టూల్ స్టోర్‌లో నీడపట్టున ఒక పని ఖాళీగా ఉంది. గంగారామ్‌కు ఇమ్మని మళ్లీ అడిగాను. వైద్యపరంగా అనర్హుడన్న కారణంతో వీసా రద్దు చేసి సెప్టెంబరులో పంపేశారు. బయల్దేరే రోజు అతను ఏమీ జోకులు వేయలేదు. “నా ఒంట్ల తక్వైంది గాదన్నా, వాళ్ల టైంల తక్వైంది. మరి నన్నెందుకు ఎల్లగొడుతుండ్రు?” అన్నాడు.

మరుసటి ఏడు మార్చిలో అదే సర్క్యులర్ నకలు నా బల్ల మీదికి వచ్చింది. దాన్ని వెనక్కి పంపుతూ, వీడియో మీటింగును పదింటికి పెట్టుకుంటే గడియారాలు తిప్పే పని ఉండదని ఒక వాక్యం రాశాను. ఒప్పుకున్నారు. మేనేజరు కంప్యూటర్‌లో మీటింగు వేళ మార్చుకున్నారు. అంతకన్నా ఏమీ జరగలేదు. ముందటేడే ఆ ఒక్క మార్పు చేసి ఉంటే గంగారాం యార్డులోనే ఉండేవాడు.

గడియారం మార్పు ఉంచాలా తీసేయాలా అని యూరప్ వాళ్లు ఏళ్లుగా చర్చించుకుంటున్నారని పత్రికల్లో చదువుతుంటాను. వాళ్ల దేశం వాళ్లిష్టం అనే మర్యాద నాకు ఆ జులైతో పోయింది. వాళ్ల పగళ్లు పొడవైనవే, కాదనను. సాయంత్రం వెలుగులో పిల్లలతో ఆడుకుంటారు, అదీ కాదనను. కానీ ఆ వెలుగు గడియారం ఇచ్చింది కాదు, గంట ముందు లేచినందుకు దొరికింది. గంట ముందు లేవాలనుకునే బడి, దుకాణం, కార్ఖానా తమ వేళలు తామే మార్చుకోవచ్చు. అలా మారిస్తే ఎవరు లేవాలి, ఎవరి నిద్ర పోతుంది, ఎవరు ఎండలో నిలబడాలి అని ముందు అడగవలసి వస్తుంది, ఒప్పించవలసి వస్తుంది. గడియారాన్ని మారిస్తే ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ ఆచారానికున్న అసలు సదుపాయం ఇదే. అందుకే అది పోవాలంటాను.

నా తర్వాత వచ్చిన టైమ్ కీపర్‌కు పని అప్పగించేటప్పుడు ఒక్కటే చెప్పాను. పని వేళ మార్చమంటే ఎంతసేపైనా మాట్లాడు, నాలుగింటికంటే నాలుగింటికే బస్సు పెట్టు. గడియారం మార్చమంటే మాత్రం, ఎండలో ఉండేది ఎవరో ముందు రాసిమ్మని అడుగు.