ఎక్కడికని అడగకూడని విమానం

మా అన్న విమానాశ్రయంలో ఉద్యోగం కోసం రెండోసారి పరీక్షకు తయారైన ఎండాకాలం, లింగాల ఘనపూర్‌లో మా ఇంటి వాకిలంతా ఆకాశమైపోయింది. ఎనభైల మొదట్లో మాట, నేను అప్పుడు ఇంటర్ చదువుతున్నాను. ఇంట్లో ఎవరమూ విమానం ఎక్కింది లేదు, దగ్గర నుంచి చూసింది కూడా లేదు.

మొదటిసారి అన్న రాత పరీక్ష గట్టెక్కి, మాట పరీక్షలో పోయాడు. బల్ల మీద పటం పరిచి ఒక పెద్దాయన పైలట్‌లా మాట్లాడతాడట, మనం కింద టవర్‌లో కూర్చుని దారి చెప్పాలట. మా అన్నకు ఆత్రం ఎక్కువ. అవతలివాడు నోరు తెరవకముందే ఇంకో మాట అందుకుంటాడు. "గాల్లో రెండు విమానాలు గుద్దించేశావయ్యా" అని నవ్వి పంపించారట. ఈసారీ పోతే వయసు దాటిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

ముగ్గుపిండితో పటం నేనే గీశాను. బర్రెల కొట్టం దగ్గర జనగామ, బావి దగ్గర మహబూబాబాద్, అమ్మ చింతపండు ఎండబోసిన మూల భూపాలపల్లి. అన్న అరుగు మీద నిలబడి, కిరోసిన్ పోసే గరాటు నోటికి పెట్టుకుని టవర్ అయ్యాడు. నేనొక విమానం. రెండోదాని కోసం పొలం నుంచి వచ్చిన బాపును బతిమాలుకున్నాం. పరీక్షలో ఇంగ్లీషే అయినా, బాపు కోసం మా ఆకాశంలో తెలుగే. ఆయన తువ్వాల దులిపి భుజాన వేసుకుని, నిజంగా ఊరికి పోతున్నట్టే జనగామలో నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అని గరాటులోంచి అడిగాడు అన్న.

బాపు చిరాగ్గా వెనక్కి తిరిగి అరుగు అంచున కూలబడ్డాడు. "బిడ్డా, జర మంచినీళ్ళు తే."

"ఏంది బాపూ! విమానం నడిమిట్ల కూసుంటదా?"

"బయలెల్లేటోన్ని ఎక్కడికని అడుగుతరార? అడిగితివి, అయిపాయె. ఇగ జరసేపు కూసోని, నీళ్ళు తాగి పోవాలె."

"గది అడగకుంట నేను దారెట్ల జెప్పాలె?"

"అడుగు. నేను నీళ్ళు తాగుత."

మా ఇంట్లో అదొక చట్టం. అడిగినవాడు దోషి, కూర్చున్నవాడు బుద్ధిమంతుడు. ఆటలో కూడా బాపు ఒక్క మెట్టు దిగలేదు. రోజూ సాయంత్రం అన్న అడగడం, బాపు కూర్చోవడం. ఆయన గుటక గుటకగా చెంబు ఖాళీ చేసేదాకా నేను చేతులు చాచి చింతపండు చుట్టూ తిరుగుతూనే ఉండాలి. కాళ్ళు పీకేవి, నవ్వు ఆగేది కాదు. అన్న మొదట్లో గరాటు విసిరికొట్టాడు. తర్వాత అలిగాడు. మూడో వారానికి, అడగగానే గరాటు దించి, నోరు మూసుకుని బాపు లేచేదాకా చూస్తూ నిలబడటం అలవాటైంది. అంత హాయిగా గడిచిన సాయంత్రాలు నాకు మళ్ళీ దొరకలేదు.

ఈసారి మాట పరీక్షలో పెద్దాయన జవాబు చెప్పకుండా కావాలనే ఆలస్యం చేశాడట. దగ్గాడట, కాగితాలు తిప్పాడట. ముందు వెళ్ళినవాళ్ళంతా ఆగలేక ఏదో ఒకటి వాగేశారట. "నాకైతే బాపు నీళ్ళు తాగుతున్నట్టే కనవడ్డది" అన్నాడు అన్న. జవాబు వచ్చేదాకా ఆగాడు, ఉద్యోగం వచ్చింది. బాపు ఆ మాట విని మీసం దువ్వుకుని, "మరి నా మీద గరాట ఇసిరితివి గదరా" అన్నాడు.

ఉద్యోగంలో చేరడానికి అన్న బయలుదేరిన పొద్దున, బస్సుకు ఇంకా టైముంది. ట్రంకు పెట్టె భుజానికెత్తుకుని వాకిలి దాటుతుంటే, వెనక నుంచి బాపు గొంతు వినిపించింది.

"ఎక్కడికిరా?"

అమ్మ కొయ్యబారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట మేమెవరం వినలేదు. అన్న ఆగి, బాపు ముఖంలోకి చూశాడు. పెట్టె దించి, వెనక్కి వచ్చి, ఆయన పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"చెల్లే, జర మంచినీళ్ళు తే" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి, కావాలనే ఆలస్యం చేశాను.